పాత కారులో పచ్చ చిలుము



హారన్ వైరు తెగితే హారన్ మోగదు. హెడ్‌లైటు వైరు తెగితే దారి కనపడదు. వైరు తెగిందంటే దాని పని ఆగిపోయిందనే అందరికీ తెలుసు. కానీ 1970ల నాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఒక సన్నని వైరు ఉంది. అది తెగితే ఇంజన్‌కు పెట్రోలు ఆగిపోదు, ఎక్కువైపోతుంది. ప్లగ్గులు తడిసి మసిబారతాయి. సైలెన్సర్ నల్లటి పొగ కక్కుతుంది. వేడెక్కేకొద్దీ ఇంజన్ తడబడి, ముక్కి మూలిగి ఆగిపోతుంది. మళ్ళీ సెల్ఫ్ కొడితే లేవదు. యజమాని ముందు పెట్రోలు పంపును అనుమానిస్తాడు, తర్వాత ఇంజెక్టర్లను, ఆఖరికి సీటు కిందో డ్యాష్‌బోర్డు పక్కనో దాక్కుని ఉండే లోహపు పెట్టెను. ఆ పెట్టే కారు కంప్యూటర్. అలాంటిది ఇంకొకటి దొరకడం కష్టం, దొరికితే ధర ఎక్కువ. తీరా అంత డబ్బూ పోసి మార్చాక కూడా పొగ అలాగే వస్తుంది.

తెగింది ఇంజన్ వేడిని కొలిచే సెన్సర్ వైరు. ఆ సెన్సర్ లోపల ఉన్నది చిన్న థర్మిస్టర్. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ ఆ రోజుల్లో వాడిన సెన్సర్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2,500 ఓంలు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓంలు చూపిస్తాయి. ఇంజన్ వేడి గురించి కంప్యూటర్‌కు తెలిసేది ఈ ఓంల లెక్క ఒక్కటే. వైరు తెగితే నిరోధానికి అంతంటూ ఉండదు. అప్పుడు కంప్యూటర్ ఎముకలు కొరికే చలి అనుకుని, ఆ చలికి తగినట్టు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. వైరు పూర్తిగా తెగనక్కరలేదు కూడా. కనెక్టర్ లోపలి పిన్నుకు పచ్చటి చిలుము పట్టి, అక్కడ ఇంకో 500 ఓంలు చేరితే చాలు. 80 డిగ్రీల్లో కాగుతున్న ఇంజన్ కంప్యూటర్ లెక్కలో 50 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. బండి నడుస్తుంది, కానీ పెట్రోలు తాగుతుంది, మైలేజీ పడిపోతుంది. కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

ఈ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. బెండిక్స్ కంపెనీ ఎలక్ట్రోజెక్టర్ పేరుతో విద్యుత్తుతో నడిచే ఇంజెక్షన్‌ను తయారు చేస్తే, క్రైస్లర్ సంస్థ 1958 మోడల్ కార్లలో కొన్నింటికి దాన్ని అమర్చింది. పట్టుమని నలభై కార్లు కూడా అలా బయటికి వెళ్ళలేదు. ఆ కాలపు కెపాసిటర్ల వంటి విడిభాగాలు ఇంజన్ వేడికీ తేమకూ ఆగలేకపోయాయి. దాదాపు అన్నింటికీ మళ్ళీ కార్బురేటర్లు బిగించాల్సి వచ్చింది. ఆ పేటెంట్ల హక్కులు తర్వాత బాష్ చేతికి వెళ్ళాయి. ట్రాన్సిస్టర్లు నమ్మకంగా పనిచేసే స్థాయికి వచ్చాక, 1967లో బాష్ డి-జెట్రానిక్ అనే పద్ధతిని తెచ్చింది. దాన్ని మొదట అందుకున్నది అమెరికాకు ఎగుమతయ్యే ఫోక్స్‌వ్యాగన్ 1600. అక్కడ, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, వాహనాల పొగ మీద చట్టాలు బిగుసుకుంటున్న రోజులవి. ఆ తర్వాత సిట్రోయెన్ డీఎస్ 21, పోర్షే 914, వోల్వో 1800ఈ కూడా అదే బాట పట్టాయి. 1970ల మొదట్లో వచ్చిన ఎల్-జెట్రానిక్ ఇంకా సులువైనది. ఇంజన్ పీల్చే గాలిని ఒక రెక్క సాయంతో కొలిచి, దానికి తగ్గట్టు పెట్రోలు వదులుతుంది. 1975లో వచ్చిన డాట్సన్ 280జెడ్ స్పోర్ట్స్ కారులో ఉన్నది ఈ వంశానిదే.

ఇవన్నీ ఇప్పుడు అర్ధ శతాబ్దం వయసున్న కార్లు. వాటిలోని కంప్యూటర్లు ఆశ్చర్యపడేంత గట్టివి. ఇంజన్ గదిలోని మంటకు దూరంగా, కారు లోపల నీడపట్టున బతికాయి. వాటి చుట్టూ ఉన్న వైర్ల సంగతి వేరు. ఇంజన్ మీద నుంచి పాకుతూ, ఎగ్జాస్ట్ వేడికి కాగుతూ, ఆయిలులో నానుతూ, ప్రతి గుంతకూ ఊగుతూ వచ్చిన వైర్లు అవి. అందుకే ఈ కార్లను చక్కదిద్దేవాళ్ళు పెట్టె జోలికి ఆఖర్న వెళతారు, వైరింగ్ దగ్గరికి ముందు వెళతారు. తెలిసిన మెకానిక్ చేతిలో ముందు కనపడేది స్పానరు కాదు, మీటరు.

అయితే మీటరు చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదు. దాన్ని అడిగే పద్ధతి తెలియకపోతే అది అబద్ధం చెబుతుంది.

స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ టెర్మినల్ దగ్గర వైరు ఊడదీసి, ఆ కొసకు మీటరు పెట్టి చూస్తారు చాలామంది. 12 వోల్టులు కనపడతాయి. సరే, కరెంటు వస్తోంది, వైరు బాగానే ఉంది అనుకుంటారు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓంలు ఉంటుంది. అది వైరు నుంచి తీసుకునే కరెంటు చీమ తలకాయంత కూడా కాదు. వైరులోని పదిహేను ఇరవై రాగి పోగుల్లో ఒక్కటే మిగిలినా, టెర్మినల్ అంతా చిలుము పట్టినా ఆ కాస్త కరెంటు హాయిగా దాటిపోతుంది. పీలికలైన చేంతాడు ఖాళీ చేదను మోసినంత మాత్రాన నిండు చేదను మోస్తుందని ఎవరూ నమ్మరు. వైరును కూడా బరువు మీద ఉన్నప్పుడే పరీక్షించాలి. అంటే కాయిల్‌ను తగిలించి, అందులో కరెంటు పారుతుండగా, మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొసను కాయిల్ ప్లస్ మీద పెట్టాలి. ఇప్పుడు మీటరు చూపించేది దారిలో పోయిన వోల్టేజి. వైరు, స్విచ్చు, జాయింట్లు అన్నీ ఆరోగ్యంగా ఉంటే అర వోల్టు లోపు ఉండాలి. రెండు వోల్టులు కనపడితే, ఆ రెండూ మధ్యలో ఎక్కడో వేడిగా మారి వృథా అవుతున్నట్టే. కాయిల్ దారిలో కావాలనే పెట్టిన బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న కార్లలో మాత్రం అది తీసుకునే వాటాను ముందు తీసేసి లెక్క చూడాలి. అలా ఒక్కో జాయింటు దాటుకుంటూ మీటరు కొసను వెనక్కి జరిపితే, దొంగ ఎక్కడున్నాడో దానంతట అదే బయటపడుతుంది.

రెండు వోల్టులు పోతే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. పాత కాయిల్ ఒకదాన్ని తీసుకుందాం. దాని ప్రైమరీ చుట్ట నిరోధం 3 ఓంలు, బ్యాటరీ 12 వోల్టులు. పారే కరెంటు 4 ఆంపియర్లు. ఇగ్నిషన్ స్విచ్చులో కాలిపోయిన కాంటాక్టు వల్ల 1 ఓం అదనంగా చేరిందనుకుందాం. కరెంటు 3 ఆంపియర్లకు పడుతుంది. కాయిల్‌లో నిలవ ఉండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 16 పాళ్ళు ఉండాల్సిన చోట 9 పాళ్ళే మిగులుతాయి. ఒక్క ఓం దాదాపు సగం శక్తిని మింగేసింది. ఆ స్పార్కు బయట గాలిలో నీలంగా బాగానే కనపడవచ్చు. సిలిండర్ లోపల ఒత్తిడిలో, ఎక్కుడులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు మాత్రం చతికిలబడుతుంది. బండి మిస్ కొడుతుంది. కార్బురేటర్‌లో చెత్త ఉందనో, ఇంజెక్టర్ మూసుకుపోయిందనో అనుమానం అటు మళ్ళుతుంది.

ఇగ్నిషన్ విషయానికొస్తే మనవైపు శ్రోతల్లో చాలామందికి ఇది కొత్త కాదు. మన రోడ్ల మీద ఇంజెక్షన్ ఆలస్యంగా వచ్చింది. మారుతి 800 వెనక ఇంజెక్షన్‌ను సూచించే ఎంపీఎఫ్ఐ అన్న అక్షరాలు కనపడింది 2000 ప్రాంతంలోనే. అంతకుముందు దశాబ్దాల పాటు అంబాసడర్, పద్మిని కార్బురేటరుతో, పాయింట్లతోనే తిరిగాయి. 1910ల మొదట్లో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ క్యాడిలాక్ కార్ల కోసం రూపొందించిన ఇగ్నిషన్ పద్ధతే, సారంలో, మన వీధి మలుపులోని షెడ్డులో ప్లాటినం పాయింట్లు గీకే మెకానిక్ చేతిలోనూ ఉంది. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారుతుంది. తెరుచుకోగానే అది తటాలున ఆగి, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. పక్కనే ఉండే కండెన్సర్ పాయింట్ల మధ్య మంట లేవకుండా ఆ కుదుపును తనలోకి తీసుకుంటుంది. కండెన్సర్ లోపల తెగితే పాయింట్లు భగ్గుమని కాలి, స్పార్కు నీరసిస్తుంది. లోపల షార్ట్ అయితే స్పార్కే ఉండదు.

అంబాసడర్‌లో దశాబ్దాల పాటు ఉన్న 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్‌దే ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. దాని డిస్ట్రిబ్యూటర్‌లో వచ్చే ఒక చిన్న లోపం ఎంతమంది చేత ఎన్ని భాగాలు మార్పించిందో లెక్కలేదు. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన పళ్ళెం స్థిరంగా ఉండదు. స్పార్కు వేళను సర్దే వ్యాక్యూమ్ అడ్వాన్స్ దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. తిరిగే పళ్ళేనికి ఎర్తు అందడానికి మెత్తని జడలాంటి చిన్న వైరు ఒకటి ఉంటుంది, పాయింట్లకు కరెంటు తెచ్చే మరో వైరు కూడా అంతే మెత్తనిది. ఏళ్ళ తరబడి వంగి వంగి ఆ పోగులు లోపల తెగిపోతాయి. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు తెగిన కొసలు రెండూ ఆనుకుని ఉంటాయి, ఇంజన్ చక్కగా నడుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే పళ్ళెం కాస్త తిరుగుతుంది, కొసలు విడిపోతాయి, బండి దగ్గుతుంది. పెట్రోలు తొక్కినప్పుడే తేడా చేస్తోంది కాబట్టి తప్పు కార్బురేటర్‌దే అని ఎవరైనా అనుకుంటారు. వ్యాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి పళ్ళేన్ని కదిలిస్తూ, మీటరుతో ఆ జడ వైరు రెండు కొసల మధ్య చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంకో లక్షణం ఉంది, అది విన్న వెంటనే అనుభవం ఉన్న మెకానిక్ ఎటు వెళ్ళాలో చెప్పేస్తాడు. సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, తాళం చెవి వదలగానే ఆగిపోతుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అందుకుంటుంది, వదిలితే ఆగుతుంది. చాలా కార్లలో కాయిల్‌కు 12 వోల్టులు నేరుగా ఇవ్వరు. మధ్యలో సుమారు ఒకటిన్నర ఓంల బ్యాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 10కి జారిపోతుంది కాబట్టి, ఆ కాసేపూ రెసిస్టర్‌ను తప్పించి వేరే వైరు ద్వారా కాయిల్‌కు నేరుగా కరెంటు ఇస్తారు. రెసిస్టర్ కాలిపోతే సెల్ఫ్ దారి బతికే ఉంటుంది, నడిచే దారి చచ్చిపోతుంది. ఇగ్నిషన్ స్విచ్చులోని ఒక కాంటాక్టు అరిగినా ఇదే లక్షణం. 1970ల మధ్య నుంచి వచ్చిన ఎంజీబీ అనే బ్రిటిష్ కార్లలో ఈ రెసిస్టర్ విడిగా కనపడదు కూడా. వైరింగ్ కట్టలోనే నిరోధం ఉన్న ప్రత్యేకమైన వైరుగా కలిసిపోయి ఉంటుంది. అది తెలియక దాని స్థానంలో మామూలు వైరు వేస్తే బండి వెంటనే లేస్తుంది, అందరూ సంతోషిస్తారు. కొన్నాళ్ళకు కాయిల్ కాగి, పాయింట్లు కాలి మళ్ళీ ఆగుతుంది.

ఇప్పుడు ఇంజెక్షన్ కారు లేవనప్పటి సంగతి. అక్కడా వెతుకులాట ఇగ్నిషన్ దగ్గరే మొదలవుతుంది, దానికి బలమైన కారణం ఉంది. ఎల్-జెట్రానిక్ కంప్యూటర్‌కు ఇంజన్ తిరుగుతోందని చెప్పేది కాయిలే. కాయిల్ మైనస్ టెర్మినల్ నుంచి ఒక సన్నని వైరు కంప్యూటర్ 1వ పిన్నుకు వెళుతుంది. కాయిల్‌లో కరెంటు ఆగిన ప్రతిసారీ అక్కడ వోల్టేజి ఎగసిపడుతుంది. ఆ ఎగసిపాట్లను లెక్కపెట్టుకుని కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరుస్తుంది. డాట్సన్ 280జెడ్‌వి ఆరు సిలిండర్లు. క్రాంక్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరిగేలోగా మూడు స్పార్కులు వస్తాయి, ఆరు ఇంజెక్టర్లూ కలిసి ఒకసారి తెరుచుకుంటాయి. స్పార్కు లేకపోతే పెట్రోలు కూడా ఉండదన్నమాట. రెండూ ఒకేసారి పోయాయంటే రెండు వేర్వేరు లోపాలు ఒకే రోజున పుట్టాయని అనుకోవడం కన్నా, రెండింటికీ కలిసిన పై దారిలో, అంటే ఇగ్నిషన్ స్విచ్చులోనో కాయిల్ దగ్గరో తెగిందని అనుకోవడం న్యాయం. స్పార్కు బలంగా ఉండి ఇంజెక్టర్లు మూగపోతే అప్పుడు ఆ సన్నని వైరునూ, ఇంజెక్షన్ రిలేనూ, ఎర్తులనూ చూడాలి. డి-జెట్రానిక్ కార్లకు మాత్రం ఈ తర్కం పనికిరాదు. వాటిలో ఇంజెక్టర్లకు వేళ చెప్పేవి డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే మరో జత కాంటాక్టులు. స్పార్కు ఉండి అవి మురికిపట్టవచ్చు, అవి బాగుండి స్పార్కు పోవచ్చు.

ఇంజెక్టరు పనిచేస్తోందో లేదో చెవికి తెలుస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్ ఒంటి మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమనే చప్పుడు వినపడుతుంది. ఒక్కో ఇంజెక్టర్ మీదా పెట్టి చూస్తే ఏది పలకడం లేదో తెలుస్తుంది. ఒక్కటే పలకకపోతే దాని కనెక్టర్. అన్నీ పలకకపోతే అన్నింటికీ ఉమ్మడిగా కరెంటు తెచ్చే దారి.

పంపు విషయంలో ఎల్-జెట్రానిక్ ఒక చక్కని తనిఖీకి అవకాశం ఇస్తుంది. ప్రమాదం జరిగి ఇంజన్ ఆగిపోతే పెట్రోలు పంపు కూడా ఆగాలని, తొలి తరం కార్లలో గాలి కొలిచే రెక్కకే ఒక స్విచ్చు పెట్టారు. ఇంజన్ గాలి పీల్చి రెక్క కదిలితేనే పంపు నడుస్తుంది. అందుకే తాళం తిప్పినంత మాత్రాన పంపు చప్పుడు వినపడలేదని కంగారు పడనక్కరలేదు. తాళం ఆన్‌లో పెట్టి, ఎయిర్ ఫిల్టర్ విప్పి, వేలితో ఆ రెక్కను మెల్లగా తోయాలి. వెనక నుంచి పంపు రొద వినిపిస్తే ఆ స్విచ్చూ, రిలే, ఫ్యూజు, పంపూ, పంపు ఎర్తూ అన్నీ ఒక్క దెబ్బకు పాసైనట్టే. వినపడకపోతే ఇప్పుడు చెప్పిన దారి వెంట ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్ళాలి. డి-జెట్రానిక్‌లో పద్ధతి వేరు, తాళం తిప్పగానే పంపు ఒకటి రెండు క్షణాలు నడిచి ఆగుతుంది. ఏ కారు ఏ పద్ధతిదో ముందే తెలుసుకోకుండా చెవి పెడితే బాగున్న పంపునే పోయిందనుకునే ప్రమాదం ఉంది.

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఎర్తు. కరెంటు వెళ్ళడానికి వైరు ఎంత ముఖ్యమో, బ్యాటరీకి తిరిగి రావడానికి ఎర్తు అంతే ముఖ్యం. ఇంజన్ రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులోంచి కరెంటు పారదు. అందుకే ఇంజన్‌కూ బాడీకీ మధ్య మందమైన ఎర్తు పట్టీ ఉంటుంది. ఇంజన్ దించి ఎక్కించినప్పుడు దాన్ని తిరిగి బిగించడం మరిచిపోయిన కార్లు చాలా ఉన్నాయి. అప్పుడు సెల్ఫ్ మోటారు తీసుకునే వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ తీగ గుండానో, సన్నని ఎర్తు వైర్ల గుండానో తిరుగుదారి వెతుక్కుంటాయి. తీగ తొడుగు కాగి కరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఎల్-జెట్రానిక్ కార్లలో కంప్యూటర్ ఎర్తు వైర్లు చాలావరకు ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద ఒక చిన్న బోల్టు కింద కలుస్తాయి. అల్యూమినియం మీద రాగి టెర్మినల్, మధ్యలో తేమ. అక్కడ తెల్లటి పొడి, పచ్చటి చిలుము పుట్టక తప్పదు. వోల్టులో పదో వంతు తేడా వచ్చినా సెన్సర్ల లెక్కలన్నీ ఒక పక్కకు జరుగుతాయి, ఎందుకంటే కంప్యూటర్ ప్రతి కొలతనూ ఆ ఎర్తుతోనే పోల్చుకుంటుంది. సెల్ఫ్ తిప్పుతుండగా మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, రెండో కొసను ఆ బోల్టు కింది టెర్మినల్ మీద పెడితే ఎర్తు దారిలో ఎంత పోతోందో తెలుస్తుంది. బోల్టు విప్పి, టెర్మినల్‌నూ దాని కింది లోహాన్నీ ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, పల్చగా గ్రీజు పూసి బిగిస్తే చాలాసార్లు వైద్యం అక్కడితో ముగుస్తుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఇంత చవకైన పనిని ఆఖరికి వాయిదా వేసి, ఖరీదైన భాగాలను ముందు మార్చడం చూస్తే బాధ కలుగుతుంది. మంచి స్థితిలో ఉన్న అసలు భాగాలు అలాగే చెత్తలోకి వెళ్ళిపోయాయి.

వైరు రంగుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. బ్రిటిష్ కార్లలో గోధుమ రంగు వైరు అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు కూడా లేకుండా నేరుగా వచ్చే కరెంటు. జర్మన్ కార్లలో అదే గోధుమ రంగు అంటే ఎర్తు. ఎంజీబీ మీద చేయి తిరిగిన మనిషి అదే అలవాటుతో పోర్షే 914లో చేయి పెడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. జర్మన్ పద్ధతిలో రంగు కన్నా టెర్మినళ్ళ మీది అంకెలు నమ్మకమైనవి. 30 అంటే ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు, 15 అంటే తాళం తిప్పితే వచ్చేది, 31 ఎర్తు, 50 సెల్ఫ్, 1 కాయిల్ మైనస్. ఈ అయిదు అంకెలు కంఠతా వస్తే ఫోక్స్‌వ్యాగన్, మెర్సిడెస్, పోర్షే ఏదైనా సగం పటం చదివినట్టే. మిగతా సగానికి ఆ ఏడాది, ఆ మోడల్ కంపెనీ వైరింగ్ పటం దగ్గర ఉండాల్సిందే. ఒకే మోడల్‌లో కూడా ఏడాదికో మార్పు చేసేవాళ్ళు.

ఇన్ని చోట్ల చూశాకే కంప్యూటర్ పెట్టె వంతు. ఎల్-జెట్రానిక్ పెట్టెకు చాలా కార్లలో 35 పిన్నుల పొడవాటి కనెక్టర్ ఉంటుంది. తాళం ఆఫ్ చేసి ఆ కనెక్టర్‌ను ఊడదీస్తే, కారులోని సెన్సర్లూ ఇంజెక్టర్లూ అన్నీ ఆ ఒక్క చోటికే వచ్చి నిలబడతాయి. అక్కడి నుంచి ఓంలు కొలిస్తే సెన్సర్‌తో పాటు దాని వైరునూ మధ్యలోని ప్రతి జాయింటునూ కలిపి కొలిచినట్టు. సెన్సర్ దగ్గర 300 ఓంలు, కనెక్టర్ దగ్గర 800 ఓంలు కనపడితే లోపం సెన్సర్‌లో లేదు, దారిలో ఉంది. డాట్సన్ తన 280జెడ్ సర్వీస్ మాన్యువల్‌లో ఏ పిన్నుకూ ఏ పిన్నుకూ మధ్య ఎంత ఉండాలో వరసగా రాసి పెట్టింది. మామూలు మీటరుతో ఓపికగా కూర్చుంటే ఒక పూటలో పూర్తయ్యే పని. మొన మాత్రం సన్నగా ఉండాలి. లావాటి మొనను పిన్నుల్లోకి గుచ్చితే అవి వెడల్పయి, లేని లూజ్ కాంటాక్ట్ కొత్తగా పుడుతుంది. ఈ తనిఖీలన్నీ సరిపోయి కూడా ఇంజెక్టర్లు పలకకపోతే, అప్పుడు పెట్టె మూత విప్పి లోపలి టంకాలను భూతద్దంతో చూడాలి. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి టంకం చుట్టూ సన్నని బీట వచ్చిన పెట్టెలు నిజంగానే ఉన్నాయి. మళ్ళీ టంకం వేస్తే వాటిలో కొన్ని బతుకుతాయి.

కొన్నిసార్లు ఒక వైరు కాదు, వైరింగ్ కట్ట మొత్తం రోగిష్టిది. 1980 నుంచి 1987 వరకు వచ్చిన వోల్వో 240 కార్ల ఇంజన్ వైరింగ్ దీనికి పేరుమోసింది. పైతొడుగుకు వాడిన పదార్థం వేడికి పెళుసెక్కి, చేత్తో వంచితే పొడిపొడిగా రాలిపోతుంది. లోపలి రాగి బయటపడి ఒకదానికొకటి తగులుతుంది. 1990ల మొదట్లో వచ్చిన కొన్ని మెర్సిడెస్ ఇంజన్లకూ ఇదే జబ్బు. అలాంటి చోట ఒక్కో బీటకూ టేపు చుడుతూ పోవడం వృథా. ఇవాళ చుట్టిన చోట బాగుంటుంది, రేపు జానెడు అవతల విరుగుతుంది. కట్ట మొత్తం మార్చడమే సరైన మార్గం. వోల్వోకు కొత్త కట్టలు తయారు చేసే వాళ్ళు ఉన్నారు. పాత కట్టను బల్ల మీద పరిచి, ప్రతి కొసకూ పేరు చీటీ కట్టి, అదే పొడవు, అదే మందం, వీలైతే అదే రంగు వైరుతో కొత్తది అల్లుకున్న వాళ్ళూ ఉన్నారు. నెమ్మదైన పని, కానీ ఆ కారు మళ్ళీ రోడ్డెక్కడానికి అంతకు మించిన సేవ లేదు.

చిన్న మరమ్మతు అయినా వైరును మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకూడదు. ఇంజన్ వేడికి టేపు జిగురు కారిపోతుంది, మెలిక ఊగి ఊగి వదులవుతుంది. సరైన క్రింపింగ్ పట్టకారుతో కొత్త టెర్మినల్ నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. ఇంజెక్టర్ కనెక్టర్లకు తేమ లోపలికి వెళ్ళకుండా రబ్బరు టోపీలు ఉంటాయి. అవి ఎండి చిట్లిపోయి ఉంటే కొత్తవి వేయాలి, లేకపోతే మొదటి వానకే చిలుము మళ్ళీ తయారు.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. పాత కార్బురేటర్ కార్లలో పంపు ఒత్తిడి సాధారణంగా బార్‌లో మూడో వంతు దగ్గరే ఉంటుంది. ఎల్-జెట్రానిక్‌లో అది రెండున్నర బార్లు. గట్టిపడి బీటలు వారిన రబ్బరు గొట్టం ఆ ఒత్తిడికి పెట్రోలును పిచికారీలా చిమ్ముతుంది. స్పార్కు పరీక్ష చేసే చోట, తగిలీ తగలక మెరిసే వైర్ల దగ్గర అది నిప్పుకు ఆహ్వానం. కాబట్టి గొట్టాలూ క్లిప్పులూ ముందు చూడాలి, మంటలార్పే సిలిండరు అందుబాటులో ఉండాలి. బాడీకి ఎక్కడైనా వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లతో పాటు కంప్యూటర్ కనెక్టర్ కూడా ఊడదీసి పక్కన పెట్టాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత అలవాటు ఈ కార్ల దగ్గర అసలు పనికిరాదు. ఆ క్షణంలో ఎగసే వోల్టేజికి ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. బ్యాటరీ దిగిపోయినప్పుడు లారీ నుంచి 24 వోల్టులు తగిలించి లేపే ప్రయత్నం కూడా అంతే ప్రమాదం. పక్కన 12 వోల్టుల బ్యాటరీ ఉన్న మరో కారు దొరికేదాకా ఆగాలి, లేదా బ్యాటరీని విప్పి తీసుకెళ్ళి నెమ్మదిగా ఛార్జి చేయించాలి.